మూషికౌషధము

మా కోళ్ల ఫారంలో ఎలుకలు జబ్బుపడ్డాయని ప్రభుత్వ రికార్డుల్లో మొట్టమొదట రాసింది నేనే. చేతిరాత నాది, కింద పొట్టి సంతకమూ నాదే. అందుకని ఈ వ్యవహారం గురించి మాట్లాడే అధికారం మిగతావాళ్లకంటే నాకు కాస్త ఎక్కువే ఉందనుకుంటాను.

పెదపాలెం ప్రభుత్వ కోళ్ల ఫారంలో నేను సీనియర్ అసిస్టెంటుని. పేరు వరహాలరావు. ఇరవై రెండేళ్ల సర్వీసులో కోడిని ఒక్కసారి కూడా చేత్తో పట్టుకోలేదు గాని, కోడి మీద నోటు రాయమంటే నిద్రలో లేపినా రాస్తాను. ఫారంలో అసలు పని చేసేది అచ్చియ్యమ్మ. పదకొండేళ్లుగా కాంట్రాక్టు మీదే ఉంది. ఒక్కరోజు వయసున్న పిల్లల్ని దించుకుని, బల్బుల వెచ్చదనంలో ఎనిమిది వారాలు సాకి, పొదుపు సంఘాల ఆడవాళ్లకు అప్పగించేదాకా వాటికి తల్లీ తండ్రీ ఆవిడే.

ఈసారి వెయ్యి పిల్లలు వచ్చాయి. వాటి వెనకాలే పైనుంచి ఒక కాగితం వచ్చింది. ఎనిమిది వారాల్లో యాభై పిల్లలకు మించి చచ్చిపోతే అచ్చియ్యమ్మ కాంట్రాక్టు పొడిగించరని దాని సారాంశం. మొదటి వారంలోనే పదిహేను పోయాయి. జబ్బుతో పోయినవి రెండే. మిగతా పదమూడింటినీ ఎలుకలు ఎత్తుకుపోయాయి.

అచ్చియ్యమ్మ నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. "బాబూ, గోడ పక్కంట కన్నాలు ఎట్టీసినాయి. ఒక్కోటి పందికొక్కంత ఉంది. ఎలకల మందు తెప్పించండి, పది రోజుల్లో వాటిని ఊడ్సి పారెత్తాను. నేకపోతే ఆళ్లు నన్ను ఊడ్సి పారెత్తారు."

ఎలుకల మందు ఐదు కిలోలు కావలెనని అరపేజీ ఇండెంటు రాసి సంతకానికి పెట్టాను. అది తెలుగు భాషా వికాస సంవత్సరం. ఫైలులో ఇంగ్లీషు మాట కనబడితే మెమో ఇస్తున్నారు. మా సహాయ సంచాలకులు డాక్టర్ మృత్యుంజయరావు గారు పశువైద్యులు, మంచివారు, కాని ఆ మధ్యనే జిల్లా భాషా సంఘంలో సభ్యులయ్యారు. వారం తిరక్కుండా బల్బును విద్యుద్దీపగోళం చేశారు, బకెట్టును జలపాత్ర చేశారు. నా ఇండెంటును అర్థనాపత్రము చేశారు. అక్కడితో ఆగి ఉంటే నేను ఇదంతా రాసేవాణ్ని కాదు. ఆయన చూపు మందు మీద పడింది.

"మందు అని రాయకూడదు వరహాలరావూ. ఆడిట్ వాళ్లు వేరే మందు అనుకుంటారు."

"ముందర ఎలుకల అని ఉంది కదండీ."

"ఎలుకలు తాగుతాయా అని అడుగుతారు. అప్పుడు నువ్వు చెప్తావా?"

ఎర్ర సిరాతో కొట్టేసి, పైన "మూషికౌషధము" అని గుండ్రంగా రాశారు. కుర్చీలో వెనక్కి వాలి దాన్ని కాసేపు చూసుకున్నారు. "వృద్ధి సంధి" అన్నారు, మనవణ్ని పరిచయం చేస్తున్నట్టు. నాకు వ్యాకరణం అంతగా రాదు కాబట్టి తలూపి వచ్చేశాను.

కాగితం జిల్లా కేంద్రానికి వెళ్లింది. పురుగుల మందులు చూసే సెక్షను వాళ్లు, ఔషధంతో తమకు సంబంధం లేదని మందుల గిడ్డంగికి పంపించారు. గిడ్డంగి నుంచి జవాబు వచ్చేసరికి పది రోజులు పట్టింది.

"పై విషయమునకు సంబంధించి తెలియజేయునది ఏమనగా, రోగి వివరములు లేకుండా ఏ ఔషధమును విడుదల చేయుటకు వీలుపడదు. కావున రోగుల సంఖ్య, లింగము, సగటు బరువు, వ్యాధి పేరు, లక్షణములు, చికిత్స చేయు వైద్యుని ధ్రువీకరణతో జతపరచిన నమూనాలో పంపవలెను."

నవ్వుకుంటూ సార్ గదిలోకి పట్టుకెళ్లాను. ఆయన నవ్వలేదు.

"ఇందులో తప్పేముంది? మనం ఔషధం అడిగాం. రోగి ఎవరని వాళ్లు అడిగారు."

"ఎలుకలు రోగులు కావండి. వాటిని చంపడానికి కదా అడిగాం."

"ఆ సంగతి నీకూ నాకూ తెలుసు. ఫైలుకి తెలీదు. ఫైలుకి తెలియని విషయాలు మనం కొత్తగా చెప్పకూడదు."

"పోనీ విషం అని దిద్ది పంపేద్దామండి."

ఆయన మొహం ఎర్రబడింది. "మూషికౌషధము అన్న మాట మొన్ననే భాషా సంఘం పదకోశంలో అచ్చయింది. పక్కన నా పేరు కూడా వేశారు. ఇక అది విషం కావడానికి వీల్లేదు."

అప్పటికి పిల్లలు ఇరవై ఆరు పోయాయి. బయటికి వచ్చేసరికి అచ్చియ్యమ్మ గుమ్మం దగ్గర చెంగుతో చేతులు తుడుచుకుంటూ ఉంది. ఏమైందని కళ్లతోనే అడిగింది. ఎలుకలకి ఒంట్లో బాగా లేదని రాయాలిట అన్నాను. ఆవిడ నా వంక చాలాసేపు చూసి, "మీకు బాగానే ఉంది కదా బాబూ" అంది.

ఆ మధ్యాహ్నం నమూనా నింపాం. బోనులో పడ్డ ఒక ఎలుకను బోనుతో సహా గుడ్ల కాటా మీద పెట్టి, బోను బరువు తీసేసి, రెండు వందల పది గ్రాములు అని రాశాను. ఎన్ని ఉంటాయని అడిగితే అచ్చియ్యమ్మ కన్నాలు చూసి వచ్చి అరవై దాకా ఉంటాయంది. గుండ్రని అంకె వేస్తే ఊహించి రాశారంటారని సార్ అరవై మూడు వేయించారు. ఆడ ముప్పై రెండు, మగ ముప్పై ఒకటి అని నేనే పంచాను. వ్యాధి పేరు దగ్గర మాత్రం ఆయన గంట సేపు ఆగిపోయారు. అత్యాకలి అని నేను అందిస్తే చెవులు మూసుకున్నారు. సంస్కృతానికీ తెలుగుకీ ముడిపెడితే దుష్ట సమాసం అవుతుందిట. చివరికి "అతిక్షుధా రోగము" అని రాసి, లక్షణముల కింద "కోడిపిల్లలను భక్షించుట" అని చేర్చి, వైద్యుని హోదాలో సంతకం పెట్టారు.

దాంతో అంతా సక్రమమైపోయింది. మరో వారానికి జీపులో పది డబ్బాలు దిగాయి. వాటితో పాటు ఔషధ తనిఖీ అధికారిణి హైమవతీ దేవి గారు కూడా దిగారు. అప్పటికి పోయిన పిల్లలు ముప్పై ఎనిమిది.

ఆవిడ డబ్బా మీద రాసింది చివరిదాకా చదివారు. సంచిలోంచి కళ్లజోడు తీసి మళ్లీ చదివారు.

"ఈ ఔషధము వలన రోగికి ప్రాణాపాయము కలుగునని ఇందులోనే ఉన్నది. పుర్రె బొమ్మ కూడా ముద్రించినారు."

"దుష్ఫలితాలు ప్రతి ఔషధానికీ ఉంటాయి మేడమ్" అన్నారు సార్.

"నిజమే. అయినను ముందుగా రోగికి తెలియపరచుట విధి. హెచ్చరిక ఫలకము అమర్చవలెను. రోగులు చదువుకొను ఎత్తులో."

రోగుల ఎత్తు మూడంగుళాలు. ఫలకం ఆ ఎత్తులోనే పెట్టిస్తానని రాసుకున్నాను. ఆవిడ అక్కడితో ఆగలేదు. ఔషధం రోగులందరికీ సులభముగా అందుబాటులో ఉండవలెనట. కాబట్టి పళ్లేలలో పోసి ఆవరణంతా ఆరుబయట ఉంచవలెనట.

అచ్చియ్యమ్మ అప్పటిదాకా చేతులు కట్టుకుని నిలబడింది. ఆ మాట వినగానే ముందుకొచ్చింది. "అమ్మా, అలాగెడితే కుక్కలు తినెత్తాయి. కోళ్లు పొడిసెత్తాయి. క్వార్టర్సులో పాకే పిల్లలున్నారు. ఈ బిళ్లలు సూడండి, నీలంగా మిఠాయిల్లాగున్నాయి. నోట్లో ఎట్టుకుంటే?"

"కుక్కల పేర్లు రోగుల జాబితాలో ఉన్నవా?" అని హైమవతీ దేవి గారు నన్ను అడిగారు.

"లేవండి."

"పిల్లల పేర్లు?"

"అవీ లేవండి."

"జాబితాలో లేనివారు ఔషధము సేవించరాదు. కావున సేవించరు."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ క్వార్టర్సులో పాకే పిల్లల్లో నా మనవరాలు ఒకతి. నేలమీద ఏం కనబడినా ముందు నోట్లో పెట్టుకుని ఆ తర్వాత అదేమిటో చూస్తుంది. ఇరవై రెండేళ్లుగా ఫైలు ఏం చెబితే అది రాసినవాణ్ని, ఆ క్షణంలో మొదటిసారి ఫైలు చేత నాకు కావలసింది చెప్పించాలనిపించింది.

"మేడమ్, చిన్న సందేహం. రోగి గోప్యత మాటేమిటండి? ముప్పై ఇద్దరు ఆడ రోగులున్నారు. నలుగురూ చూస్తుండగా ఆరుబయట కూర్చుని ఔషధం పుచ్చుకోమంటే రేపు ఎవరైనా ఆక్షేపిస్తారేమో."

ఆవిడ కళ్లజోడు తీశారు. సార్ వంక చూశారు. సార్ చూపు కిందికి దించుకున్నారు, ఆ ముప్పై ఇద్దరి తరపునా సిగ్గుపడుతున్నట్టు.

"మూసిన గదులు ఏర్పాటు చేయవలెను" అన్నారు ఆవిడ. "ఒక్కొక్క రోగి మాత్రమే పట్టు ద్వారముతో."

అచ్చియ్యమ్మ చురుకైన మనిషి. మర్నాడు పొద్దున్నకల్లా స్టోరులోని పాత రేకు డబ్బాలు పన్నెండు బయటికి తీసింది. ప్రతిదానికీ ఎలుక మాత్రం దూరేటంత కన్నం కొట్టించింది. లోపల ఇనప చువ్వకు బిళ్లలు గుచ్చేలా ఏర్పాటు చేసింది, ఎలుక వాటిని బయటికి ఈడ్చుకుపోయి ఎక్కడో పారెయ్యకుండా. మూతకు తాళం వేసి, కన్నాలున్న గోడ పక్కన, గోడకే తీగతో కట్టేసింది. పిల్లలున్న గదిలోపల మాత్రం ఒక్కటీ పెట్టలేదు. నేను వాటిని అంతర్వాసి చికిత్సా మందిరాలని, అంటే ఇన్‌పేషెంటు వార్డులని, రిజిస్టరులో ఎక్కించాను.

ఆ తర్వాత మా పని ఒక పద్ధతిలో పడింది. ఆవిడ ఏం కావాలో చెప్పేది, నేను దాన్ని ఫైలు భాషలోకి దింపేవాణ్ని.

"ముందు మూడ్రోజులు మందు ఎట్టకూడదు బాబూ. ఎలక కొత్త డబ్బా సూత్తే బెదురుతాది. ఉత్త నూకలు నూనె కలిపి ఎడతాను. అలవాటు పడ్డాక మందు బిళ్ల ఎడతాను. మా నాన పొలంలో అలాగే సేసీవోడు."

"చికిత్సకు పూర్వము మూడు దినములు క్షుధా నిర్ధారణ పరీక్ష జరుపవలెను" అని రాశాను. సార్ వెంటనే సంతకం పెట్టారు.

మరో రోజు మేత బస్తాల సంగతి ఎత్తింది. బస్తాలు చిరిగి మేత నేలంతా పడి ఉంటోంది. కడుపు నిండా మేత దొరుకుతూంటే ఎలుక డబ్బాలోకి ఎందుకొస్తుందని ఆవిడ ప్రశ్న. బస్తాలన్నీ మూతలున్న పీపాల్లోకి మార్చాలి, రెండు పూటలా నేల ఊడవాలి, దానికి పీపాలు కావాలి. అవి మూడేళ్లుగా అడుగుతున్నా రాలేదు. నేను ఒకే ఒక్క వాక్యం రాశాను. "ఔషధము సేవించు కాలమున రోగులు పథ్యము పాటించవలెను." పీపాలు మూడు రోజుల్లో వచ్చాయి. పథ్యం అన్న మాట చూసి సార్ ఎంత సంబరపడ్డారంటే, వంకాయ, గోంగూర కూడా పెట్టకూడదని స్వహస్తాలతో చేర్చారు.

హెచ్చరిక ఫలకం నిబంధన ప్రకారం మూడంగుళాల ఎత్తులో పాతాం. అదే ఫలకం ఇంకోటి అచ్చియ్యమ్మ మనుషుల కంటి ఎత్తులో క్వార్టర్సు గేటుకి కట్టింది. ఇల్లిల్లూ తిరిగి, డబ్బాల దగ్గరికి పిల్లల్ని పోనివ్వొద్దని, కుక్కల్ని కట్టేసుకోమని చెప్పి వచ్చింది. తన కుక్క మల్లిని మామిడి చెట్టుకి కట్టేసి, దాని తిట్లు పడింది.

బిళ్లలు పెట్టిన నాలుగో రోజునుంచి ఫలితం కనబడింది. ఆవిడ రోజూ పొద్దున్నే చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని, పట్టకారుతో ఏరి, బావికి దూరంగా మోకాలి లోతుకు మించి తవ్వి పూడ్చేది. వచ్చి మోచేతుల దాకా సబ్బుతో కడుక్కునేది. చచ్చిన ఎలుకను కుక్క తిన్నా కాకి తిన్నా వాటికీ ప్రమాదమేనట. కొరికిన బిళ్లల చోట కొత్తవి గుచ్చేది. రెండు వారాలకి ఏ డబ్బాలోనూ బిళ్ల తరగడం మానేసింది. అప్పుడు మిగిలినవన్నీ తీసి మందు డబ్బాలో వేసి మూతపెట్టేసింది.

పోయిన పిల్లలు నలభై మూడు దగ్గర ఆగాయి. తర్వాత ఇంకో నాలుగు జలుబు చేసి పోయాయి. ఎనిమిదో వారం చివర తొమ్మిది వందల యాభై మూడు పిల్లలు బుట్టల్లో సర్దుకుని సంఘాల ఆడవాళ్ల ఇళ్లకు వెళ్లాయి. వెళ్తున్న బుట్టల్ని చూస్తూ అచ్చియ్యమ్మ పదకొండేళ్లలో మొదటిసారి నా ఎదురుగా స్టూలు మీద కూర్చుంది. నాకూ చాలా సంతోషం వేసింది. గెలిచామనుకున్నాం.

మూడో రోజున అచ్చియ్యమ్మ పేరిట మెమో వచ్చింది.

"చికిత్స నిమిత్తము చేరిన అరవై మూడు మంది రోగులలో ఒక్కరును ప్రస్తుతము కనబడకపోవుట గమనించడమైనది. తగిన విద్యార్హత లేకుండా వైద్యము చేసి, రోగుల మృతికి కారకురాలైనట్లు భావించి, మీ కాంట్రాక్టును ఏల రద్దుపరచరాదో మూడు దినములలో తెలుపవలెను."

అచ్చియ్యమ్మకు చదివి వినిపించాను. "పిల్లలు సత్తే ఉజ్జోగం పోద్దన్నారు. ఎలకలు సచ్చినా పోద్దా?" అంది. ఆవిడకి ఇద్దరు కూతుళ్లు చదువుకుంటున్నారు, భర్త మంచాన ఉన్నాడు. ఆ సంగతి చెప్పడానికి ఫైలులో గడి లేదు.

సార్ కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. విషం అని ఒక్క మాట రాయండి, ఆవిడ బతుకుతుంది అన్నాను. ఆయన బాధపడ్డారు, నిజంగానే బాధపడ్డారు. "పదకోశం రెండో ముద్రణకు వెళ్లిందయ్యా" అన్నారు.

విచారణ మా ఆఫీసులోనే జరిగింది. హైమవతీ దేవి గారు మధ్యలో, సార్ పక్కన, నేను రాసుకుంటూ చివర్న. అచ్చియ్యమ్మ ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. ఏం చెప్పమంటారని ముందే అడిగితే, అబద్ధం ఆడొద్దు, ఫైలులో ఉన్న మాట మాత్రం మర్చిపోవద్దు అని చెప్పాను.

"మీ వద్ద చేరిన రోగుల వ్యాధి ఏమి?"

"అతిక్షుధ అమ్మా. సారు రాసినారు."

"చికిత్స అనంతరము వారి పరిస్థితి?"

అచ్చియ్యమ్మ ఒక్క క్షణం నా వంక చూసింది. "ఇప్పుడు ఒక్కదానికీ ఆకలి నేదమ్మా."

హైమవతీ దేవి గారి కలం ఆగింది. "ఒక్కరికి కూడా?"

"ఒక్కదానికి కూడా నేదు. కోడిపిల్ల జోలికి ఎల్లింది నేదు."

"వ్యాధి తిరగబెట్టినదా?"

"ఇంతవరకూ నేదు. తిరగబెట్టదు కూడా అమ్మా, నాది పూసీ."

"రోగులు ప్రస్తుతము ఎక్కడ ఉన్నారు?"

ఈ ప్రశ్నకి నేనే లేచాను. "ఫారం ఆవరణలోనే, బావికి అవతల, విశ్రాంతి తీసుకుంటున్నారండి."

"ఒకరిద్దరిని లేపి చూపగలరా?"

"అది నాకు సేతకాదమ్మా" అంది అచ్చియ్యమ్మ.

సార్ గొంతు సవరించుకున్నారు. "కోలుకున్న రోగి విశ్రాంతికి భంగం కలిగించడం వైద్యశాస్త్రానికి విరుద్ధం మేడమ్." ఆయన మీద నాకున్న కోపమంతా ఆ ఒక్క మాటతో సగం తగ్గింది.

హైమవతీ దేవి గారు లెక్క చూసుకున్నారు. చేరినవారు అరవై మూడు, వ్యాధి లక్షణములు తొలగినవారు అరవై మూడు. నూటికి నూరు. తన సర్వీసులో ఏ ఆసుపత్రిలోనూ ఇంతటి ఫలితం చూడలేదంటూ లేచి నిలబడి, అచ్చియ్యమ్మకు నమస్కారం పెట్టారు. మెమో అక్కడికక్కడే రద్దయింది. బయటికి వచ్చాక అచ్చియ్యమ్మ వరండా స్తంభానికి ఆనుకుని చాలాసేపు నవ్వింది, మధ్యలో కళ్లు తుడుచుకుంది.

అంతటితో ఊరుకుంటే అది మా శాఖ ఎందుకవుతుంది. ఆ నివేదిక పైకి వెళ్లింది. పైనుంచి ఇంకా పైకి వెళ్లింది. నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. సార్ దాన్ని రెండు చేతులతో పట్టుకుని నా గదికే వచ్చారు. అచ్చియ్యమ్మను పిలిపించి, చదవమని నాకిచ్చారు.

"పెదపాలెం కోళ్ల ఫారమునందు సాధించిన అపూర్వ ఫలితముల దృష్ట్యా, పిల్లల పెంపకపు గదిని జిల్లా మూషికారోగ్య కేంద్రముగా మార్చడమైనది. కోడిపిల్లల అరుపులు రోగులకు ఇబ్బంది కలిగించును కావున వాటి పెంపకము నిలిపివేయడమైనది. శ్రీమతి అచ్చియ్యమ్మను మూషికోపచారికగా శాశ్వత ప్రాతిపదికన నియమించడమైనది."

"గుణ సంధి" అన్నారు సార్ పక్కనుంచి.

అచ్చియ్యమ్మకు సంధి పట్టలేదు. "శాశ్వతం అన్నారా బాబూ?" అంది. శాశ్వతమే అన్నాను. పదకొండేళ్లుగా ఆ మాట కోసం ఆవిడ ఎన్ని అర్జీలు పెట్టుకుందో నాకు తెలుసు, అవన్నీ రాసింది నేనే. ఆవిడ మొహం చూస్తే కింద ఇంకో వాక్యం ఉందని చెప్పడానికి నాకు నోరు రాలేదు. కాని చదవక తప్పలేదు.

"కేంద్రములో రోగుల సంఖ్య ఏ దినమున వందకు తగ్గునో, ఆ దినమున ఈ పోస్టు రద్దగును."

ఆవిడ నాచేత ఆ వాక్యం రెండుసార్లు చదివించుకుంది. సార్ అభినందనలు చెప్పి వెళ్లిపోయారు. ఆవిడ కాసేపు కిటికీలోంచి బావి వైపు చూసింది. తర్వాత స్టోరు గదికి వెళ్లి, మిగిలిపోయిన మూడు మందు డబ్బాలు ఒళ్లో పెట్టుకుని తెచ్చి, నా బల్ల మీద పేర్చింది.

"ఇవి మీ బీరువాలో ఎట్టి తాళం ఎయ్యండి బాబూ" అంది. "పిల్లలకి అందకూడదు, కుక్కలకి అందకూడదు. ఎలకలకైతే అసలే అందకూడదు."